మన డేటా మనం ఇచ్చుకోవడానికి 14 వారాలు

2023 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే మా సర్వీస్ మేనేజర్ నా గదిలోకి వచ్చి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల ఒక పెద్దాయన. “ట్రక్కుకి ఆయిల్ మార్పించమని మీ దగ్గర్నుంచి ఇది మూడో మెసేజ్. ఆ ట్రక్కు నా దగ్గర లేదు. అక్టోబరులో మీకే ఇచ్చేసి మీ దగ్గరే కొత్తది తీసుకున్నాను. పాతది ఎక్కడుందో మీకు తెలియాలి గానీ నాకెలా తెలుస్తుంది?” అరవడం లేదు, వెటకారం కూడా లేదు, నిజంగానే అడుగుతున్నాడు. సర్వీస్ మేనేజర్ నా వైపు చూస్తున్నాడు, నేను కీబోర్డు వైపు చూస్తున్నాను.

నేను అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన, మూడు షోరూంలున్న ఒక కార్ల డీలర్ దగ్గర ఐటీ చూస్తాను. ఐటీ అంటే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్న దగ్గర్నుంచి ఆడిట్ దాకా నేనూ, నాతో ఇంకో కుర్రాడూ, అంతే. మాది తెనాలి. ఇక్కడి మనవాళ్ళలో చాలామంది చాండ్లర్‌లో చిప్‌ల కంపెనీల్లోనో బ్యాంకుల్లోనో చేస్తుంటారు, ఎవరింట్లోనైనా పూజకు కలిసినప్పుడు “కార్ల షోరూంలో ఐటీకి పనేముంటుందండీ” అని అడుగుతారు. ఉంటుంది. ఆ సంవత్సరం మార్చి నుంచి జూన్ దాకా నేను చేసింది ఒక్కటే పని: మా కస్టమర్ల వివరాలు, మా షోరూంలో మేము టైపు చేసినవి, మేము డబ్బు కట్టే ఒక కంపెనీకి, మా ఇష్టప్రకారం ఇవ్వడం. దానికి 14 వారాలు పట్టింది.

ముందు ఈ వ్యవహారం ఎలా ఉంటుందో చెప్పాలి. కార్ల షోరూంలో అన్నిటికీ ఒకటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంటుంది, డీలర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అందరూ డీఎంఎస్ అంటారు. కారు అమ్మితే డీల్ దాన్లోనే, లోను కాగితాలు దాన్లోనే, స్పేర్ పార్టుల స్టాకు, జమాఖర్చులు, సర్వీసుకొచ్చిన బండికి రాసే ఆర్ఓ అంటే మన దగ్గర జాబ్ కార్డ్ అంటామే అది, అన్నీ దాన్లోనే. ఇంకో డీఎంఎస్‌కి మారడమంటే ఇల్లు మారడం కాదు, ఊరు మారడం. ఏళ్ళ తరబడి ఒప్పందాలుంటాయి. అయితే ఈ డీఎంఎస్ ఒక్కటీ సరిపోదు. సర్వీస్ రిమైండర్లు పంపడానికి ఒకళ్ళు, వెబ్‌సైట్‌లో స్టాకు చూపించడానికి ఒకళ్ళు, సర్వేలకి ఒకళ్ళు, వారంటీ అమ్మేవాళ్ళు ఒకళ్ళు, ఇలా బయటి కంపెనీలు డజనుకు తక్కువ కాకుండా ఉంటాయి, వీళ్ళందర్నీ కలిపి వెండర్లు అంటాం. వీళ్ళందరికీ డీఎంఎస్‌లో ఉన్న డేటా కావాలి. తాళం డీఎంఎస్ కంపెనీ చేతిలో ఉంటుంది. మాది ఏ డీఎంఎస్సో చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు.

పెద్దాయన ఫోన్ తర్వాత మా జీఎం, అంటే జనరల్ మేనేజర్, పాత రిమైండర్ కంపెనీని తీసేసి కొత్త వెండర్‌ని పెట్టాలని తేల్చేశాడు. మార్చి మొదటి వారంలో సంతకాలు అయిపోయాయి. కొత్త వెండర్ సేల్స్ అమ్మాయి “డేటా వచ్చిన రెండు వారాల్లో మొదలుపెట్టేస్తాం” అని నవ్వుతూ చెప్పింది. డేటా వచ్చిన రెండు వారాల్లో. ఆ వాక్యంలో మొదటి సగం నేను సరిగ్గా వినలేదు.

డీఎంఎస్ కంపెనీలో మా అకౌంట్ చూసే మనిషికి మెయిల్ పెట్టాను. ఈ వెండర్‌కి మా మూడు షోరూంల కస్టమర్, సర్వీస్ ఫైళ్ళు పంపండి అని, నాలుగు లైన్లు. మూడు రోజులకి జవాబు: ఆ వెండర్ మా సర్టిఫైడ్ జాబితాలో లేరు, వాళ్ళు మా ప్రోగ్రాంలో చేరాలి, చేరాక ఒక్కో షోరూంకి విడిగా ఇంటిగ్రేషన్ ఫీజు, అంటే వాళ్ళని మా సిస్టమ్‌కి కలిపినందుకు ఫీజు, ఉంటుంది, ఈ జతచేసిన ఫారం నింపండి. ఫారం 22 పేజీలు. ఫీజు వెండర్ కట్టాలి, అంటే రాత వరకే వెండర్, వాళ్ళు అది ఇన్‌వాయిస్‌లో “డీఎంఎస్ ఇంటిగ్రేషన్” అని ఇంకో వరుస చేర్చి మాకే పంపుతారు. మూడు షోరూంలకూ కలిపి చూస్తే నెలకి వెయ్యి డాలర్లు దాటుతోంది. రిమైండర్ కంపెనీ తన పనికి తీసుకునేదానిలో దాదాపు సగం.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా బాబాయి లైన్లోకి వచ్చాడు. ఆయనకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డు ఉంది, ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఏం మార్చాం, ఎంత బాకీ, అన్నీ గళ్ళ అట్ట పుస్తకంలో రాసుకుంటాడు. పనెలా ఉందిరా అంటే ఇదంతా చెప్పాను.

“ఆ పుస్తకం మీదేనా?”

“మాదే బాబాయ్.”

“రాసింది?”

“మేమే.”

“మరి ఎవడికో చూపించుకోడానికి ఇంకెవడికో డబ్బు కట్టడమేంట్రా?”

పుస్తకం మాదే గానీ బీరువా వాళ్ళది బాబాయ్ అన్నాను. ఆయన కాసేపు ఆగి, బీరువాకి అద్దె కడుతున్నారు కదా అన్నాడు. కడుతున్నాం, బాగానే కడుతున్నాం.

ఒకప్పుడు ఇంత గొడవ ఉండేది కాదు. వెండర్‌కి డేటా కావాలంటే డీఎంఎస్‌లో ఒక యూజర్ ఐడీ చేసి ఇచ్చేవాళ్ళు, వాళ్ళ ప్రోగ్రాం రాత్రిపూట మనిషిలా లాగిన్ అయ్యి స్క్రీన్ల మీద ఉన్నదంతా దించుకుపోయేది. తర్వాత డీఎంఎస్ కంపెనీలు భద్రత పేరుతో దాన్ని ఆపేయడం మొదలుపెట్టాయి. భద్రతా కాదా అన్న దాని మీద ఇక్కడ ఏళ్ళ తరబడి కోర్టు కేసులు నడిచాయి. విస్కాన్సిన్‌లోని లా క్రాస్ ఊళ్ళో ఆథెంటికామ్ అని డీలర్ల తరఫున డేటా తీసి వెండర్లకి అందించే కంపెనీ ఉంది, అది 2017లో డీఎంఎస్ కంపెనీల్లో పెద్దవైన సీడీకే, రేనాల్డ్స్ రెండింటి మీదా కేసు వేసింది. జూలైలో జిల్లా జడ్జి ఆథెంటికామ్‌ని లోపలికి రానివ్వమని తాత్కాలికంగా ఆదేశించాడు, నవంబరులో పై కోర్టు దాన్ని పక్కన పెట్టేసింది. సీడీకే 2024లో వెండర్లు వేసిన కేసులో 63 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అన్ని కోట్లు మారాయంటే ఈ ఇంటిగ్రేషన్ ఫీజు అనే వరుస వెనక ఎంత వ్యాపారం ఉందో ఊహించుకోవచ్చు.

మా అరిజోనాలో అయితే ఏకంగా చట్టమే ఉంది. 2019లో చేశారు. డీలర్ తన డేటాని అర్హత ఉన్న బయటి కంపెనీకి ఇవ్వాలంటే డీఎంఎస్ కంపెనీ అడ్డుపడకూడదు, దానికయ్యే అసలు ఖర్చుకి మించి వసూలు చేయకూడదు. సీడీకే, రేనాల్డ్స్ రెండూ దీని మీద కూడా కోర్టుకెళ్ళాయి, 2021 అక్టోబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు చట్టాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. ఇదంతా మా జీఎంకి డీలర్ల సంఘం మీటింగుల వల్ల బాగా తెలుసు. “వాళ్ళకి చట్టం చూపించు” అన్నాడు నాతో, సినిమాలో పోలీసు బ్యాడ్జీ చూపించినట్టు.

చూపించాను. సెక్షన్ నంబర్లతో సహా మెయిల్ పెట్టాను. ఈసారి జవాబు రావడానికి 11 రోజులు పట్టింది, రాసిన మనిషి మారాడు, భాష కూడా మారింది. మేము ఎక్కడా కాదనలేదు, డీలర్ హక్కుని పూర్తిగా గౌరవిస్తాం, కాకపోతే ఆ చట్టమే అవతలి కంపెనీ ఫలానా భద్రతా ప్రమాణాలు పాటించాలని చెబుతోంది కాబట్టి ఆ రుజువులు పంపండి, దానికి ఇదిగో ఫారం. అదే ఫారం. 22 పేజీలు. నాకు ఒళ్ళు మండింది, చట్టం తెరిచి మళ్ళీ చదివాను, తీరా చూస్తే వాళ్ళు చెప్పింది నిజమే. వాహన వ్యాపారంలో సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి స్టార్ అనే సంస్థ ప్రమాణాలు ఉన్నాయి, అవి గానీ, వాటికి తక్కువ కానివి గానీ వెండర్ పాటించాలని చట్టంలో ఉంది. కాదనకుండానే ఎన్ని వారాలైనా నడిపించొచ్చని అప్పుడు అర్థమైంది.

ఇక్కడిదాకా నేను బాధితుడిని. దీని తర్వాతే కథ కొంచెం నా వైపు తిరిగింది.

అదే ఏడాది జూన్ 9 మాకు ఇంకో గడువు. ఎఫ్‌టీసీ, అంటే ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, పెట్టిన సేఫ్‌గార్డ్స్ రూల్ అని ఒకటి ఉంది, 1999 నాటి గ్రామ్ లీచ్ బ్లైలీ చట్టం కింద వచ్చింది. మేము కార్లతో పాటు లోన్లూ లీజులూ కుదురుస్తాం కాబట్టి ఆ చట్టం దృష్టిలో మేమూ ఒక ఆర్థిక సంస్థే. 2021లో ఆ రూల్‌ని గట్టిగా మార్చారు, అమలు గడువు ముందు 2022 డిసెంబరు అన్నారు, తర్వాత 2023 జూన్ 9కి జరిపారు. కస్టమర్ డేటా ఎవరెవరి దగ్గరికి వెళ్తోందో డీలర్‌కి తెలిసి ఉండాలి, వెండర్లు దాన్ని జాగ్రత్తగా ఉంచుతున్నారో లేదో చూసుకోవాలి, వీటన్నిటికీ బాధ్యుడిగా ఒక మనిషిని పెట్టాలి. మీటింగ్‌లో ఆ మాట రాగానే అందరూ నా వైపు తిరిగారు. జీతం పెరగలేదు, బాధ్యుణ్ణి మాత్రం నేనే.

దాంతో కొత్త వెండర్‌కి నేనూ ఒక ఫారం పంపాల్సి వచ్చింది. 38 ప్రశ్నలు. డేటా ఎక్కడ ఉంచుతారు, ఎన్‌క్రిప్ట్ చేస్తారా, లాగిన్‌కి రెండో కోడ్ అడుగుతారా, మీ కింద ఇంకెవరికైనా ఇస్తారా, ఒప్పందం అయిపోయాక ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు. సేల్స్ అమ్మాయి నవ్వు కొంచెం తగ్గింది. “డీఎంఎస్ వాళ్ళు ఇబ్బంది పెడుతున్నారని మీరే అన్నారు, ఇప్పుడు మీరు కూడానా” అంది. మూడు వారాలు తీసుకున్నారు, 38లో 31కి జవాబులొచ్చాయి, మిగతావాటికి “అంతర్గత విధానం” అని రాశారు. ఆ ఏడు ప్రశ్నల కోసం మళ్ళీ నేను వెంటపడ్డాను. డీఎంఎస్ మనిషి నాతో మాట్లాడిన గొంతే నాకూ వచ్చేస్తోందని ఒకరోజు మెయిల్ రాస్తూ గమనించాను, చెరిపేసి మళ్ళీ రాశాను, అయినా అలాగే వచ్చింది.

ఆ రూల్ కోసమే, అసలు ఇప్పటికే మా డేటా ఎవరెవరు తీసుకుంటున్నారో ఒక షీట్ చేద్దామని కూర్చున్నాను. మధ్యాహ్నానికి అయిపోతుందనుకున్నాను. మా కంట్రోలర్ ఆవిడ పదహారేళ్ళుగా ఇక్కడ లెక్కలు చూస్తోంది, ఆవిణ్ణి అడిగితే వెండర్లు తొమ్మిదిమంది అంది. డీఎంఎస్ పోర్టల్‌లో చూస్తే డేటా వెళ్తున్న కనెక్షన్లు 14. అవి కాక యూజర్ల జాబితా తీశాను. మా స్టాఫ్ దాదాపు 160, జాబితాలో పేర్లు 214.

ఆ 54 పేర్లతో మూడు రోజులు గడిపాను. కొన్ని మానేసినవాళ్ళవి, అది మా తప్పే, తీసేశాం. కొన్ని ట్రైనింగ్ ఐడీలు. ఒకటి మాత్రం నాకంటే ముందు ఇక్కడ ఐటీ చూసిన ఆయన పేరు మీద ఉంది. ఆయన వెళ్ళిపోయి ఐదేళ్ళు. పాస్‌వర్డ్ గడువు గడిలో “ఎప్పటికీ వద్దు” అని టిక్ ఉంది. ఆఖరి లాగిన్ ఎప్పుడా అని చూస్తే నిన్న రాత్రి 2:10. అంతకు ముందు రాత్రి 2:10. అంతకు ముందు కూడా. కుర్రాణ్ణి పిలిచి చూపించాను, వాడు “దెయ్యమా అన్నా” అన్నాడు. వాడిది గుంటూరు, ఎమ్మెస్ చదివి ఇక్కడ చేరాడు. దెయ్యం కాదు, 2019లో మేము ఒప్పందం ఆపేసిన ఒక సర్వే కంపెనీ ప్రోగ్రాం. వాళ్ళు సర్వేలు పంపడం మానేశారు, ప్రోగ్రాం ఆపడం మర్చిపోయారు. నాలుగేళ్ళుగా ప్రతి రాత్రీ మా ఆర్ఓలన్నీ, పేర్లు ఫోన్ నంబర్లతో సహా, ఎవరూ చూడని ఒక సర్వర్‌లోకి పోతున్నాయి. ఫోన్ చేస్తే అవతల “అయ్యో, ఇంకా నడుస్తోందా” అన్నారు. ఇంతకు మించి ఏమీ అనలేదు.

ఇంకొకటి కంట్రోలర్ ఆవిడే పట్టుకుంది. పాత ఇన్‌వాయిస్‌లు తిరగేస్తుంటే, ఎప్పుడో మానేసిన ఒక స్టిక్కర్ ప్రింటింగ్ సర్వీసుకి ఇంటిగ్రేషన్ ఫీజు ఇంకా కడుతున్నాం. 26 నెలలుగా. అసలు సర్వీసు ఆపాం, డేటా వెళ్ళే పైపు ఆపమని విడిగా చెప్పాలట. ఆవిడ ఏమీ అనకుండా కాలిక్యులేటర్ తీసి లెక్కేసి, కాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

తాళం చెవి వాళ్ళ చేతిలో పెట్టుకున్నారని డీఎంఎస్ వాళ్ళ మీద రెండు నెలలుగా మండిపడుతున్నాను కదా, దొడ్డిదారి తలుపు మాత్రం మా వాళ్ళే తీసి పెట్టారు. భద్రత అన్నది ఫీజులకి సాకు అని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ 2:10 లాగిన్ చూశాక సాకులో కూడా కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పలేదు, ఆ ముక్క మా జీఎంతో మాత్రం అనలేదు.

మేలో ఎట్టకేలకు వెండర్‌కి సర్టిఫికేషన్ వచ్చింది. ఇంక డేటా ఏ గడిలోంచి ఏ గడిలోకి వెళ్ళాలో కలపడం. దీని కోసం వెండర్ తరఫున ఒక ఇంజనీర్‌తో రోజూ మాకు పొద్దున్న పదింటికి కాల్. మొదటి రోజు ఇంగ్లీషులో పావుగంట మాట్లాడుకున్నాక వెనకాల ఎవరో “చాయ్ తాగుతవా?” అనడం వినిపించింది.

“మీరు తెలుగువారా అండీ?”

“అవున్సార్, నల్గొండ. హైదరాబాద్‌ల చేస్తున్న. మీరూ?”

“తెనాలి.”

“అరె, ముందే చెప్పుంటే పావుగంట ఇంగ్లీషు తప్పేది కద సార్.”

వాళ్ళకి అప్పుడు రాత్రి పదిన్నర. రెండో రోజుకి సార్ పోయి అన్న అయ్యాను. అసలు పెద్దాయన ట్రక్కు గొడవ ఎందుకొచ్చిందో కనిపెట్టింది ఆ అబ్బాయే. ఆ ట్రక్కు ఛాసిస్ నంబర్ ఇచ్చి, మా ఫైల్లో అది ఎలా కనబడుతోందో చూడమన్నాను.

“అన్నా, సర్వీస్ ఫైల్ల ఈ బండికి ఓనర్ ఇంకా ఆయ్ననే ఉన్నడు.”

“అక్టోబరులో మాకే ఇచ్చేశాడు కదా?”

“ఇచ్చిండు, కానీ ఆ ముచ్చట డీల్ ఫైల్ల ఉంటది. కొత్త బండి కొన్న డీల్‌ల, ట్రేడ్ ఇన్ అని ఒక లైన్. సర్వీస్ ఫైల్‌కి ఆ సంగతే తెల్వది. ఆఖరి ఆర్ఓ మీద ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్ అనుకుంటది. మీ పాత కంపెనీ సర్వీస్ ఫైల్ ఒక్కటే తీస్కుంటుండె.”

అంతే. ఒక ఫైల్లో ఉన్న లైను ఇంకో ఫైలుకి తెలియదు. మాకు కావలసింది డీల్ ఫైల్లోంచి రెండే రెండు గడులు: ఏ ఛాసిస్ నంబరు బండి ట్రేడ్ ఇన్‌గా వచ్చింది, ఏ తారీఖున. ఆ రెండు గడులు కలిపి పంపమని డీఎంఎస్ వాళ్ళని అడిగాను. డేటా ప్యాకేజీలుగా ఇస్తామన్నారు. సర్వీస్ ప్యాకేజీ, పార్టుల ప్యాకేజీ, డీల్ ప్యాకేజీ. డీల్ ప్యాకేజీ కావాలంటే మొత్తం వెళ్తుంది. డీల్ మొత్తం అంటే కస్టమర్ సోషల్ సెక్యూరిటీ నంబరు, జీతం, లోను వడ్డీ, అద్దె ఇల్లా సొంత ఇల్లా, అన్నీ. ఆయిల్ మార్పించుకోమని మెసేజ్ పంపడానికి ఒక మనిషి జీతం ఎందుకు? రెండు గడులే కావాలంటే అది కస్టమ్ పని, దానికి విడి ఫీజు, వరసలో ఆరు నుంచి ఎనిమిది వారాలు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తప్పుగా అనిపించింది ఇదే. ఫీజు సంగతి సరే, అది వ్యాపారం, బేరమాడొచ్చు. కానీ తక్కువ ఇస్తానంటే ఎక్కువ కట్టాలి, ఎక్కువ ఇస్తే తక్కువకి అయిపోతుంది. అటు రూలేమో అవసరమైనంత వరకే ఇవ్వాలన్న ధోరణిలో ఉంది, ఇటు ధరలు చూస్తే అంతా ఇచ్చేయమంటున్నాయి. చాలామంది డీలర్లు మొత్తం ఇచ్చేస్తారు, ఇచ్చేశామని కూడా వాళ్ళకి తెలియదు. మా పాత 14 కనెక్షన్లలో ఐదింటికి డీల్ మొత్తం వెళ్తోంది, అందులో ఒకటి కార్ల ఫోటోలు తీసే కంపెనీ.

జీఎం మొత్తం ఇచ్చేద్దాం అన్నాడు, టైం అయిపోతోంది, ఎండాకాలం మొదలైంది, ఏసీ రిపేర్లకి జనం వచ్చే సీజన్‌లో రిమైండర్లు లేకపోతే ఎలా అని. ఆయన మాటలోనూ తప్పులేదు, ఫీనిక్స్‌లో జూన్ అంటే మన రెంటచింతల మే నెల లాంటిది. బాధ్యుడి కుర్చీలో నేను లేకపోతే నేనూ సరే అనేవాణ్ణేమో. రెండు రోజులు టైం అడిగాను. డీఎంఎస్‌లో మా సొంత వాడకానికి రిపోర్టులు తయారుచేసుకునే సదుపాయం ఒకటి ఉంది, సేల్స్ వాళ్ళు నెలాఖరు లెక్కలకి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. దాన్లో ఒక రిపోర్టు చేశాను: నిన్న పూర్తయిన డీల్స్‌లో వచ్చిన పాత బళ్ళు, ఛాసిస్ నంబరు, తారీఖు, రెండే గడులు. నల్గొండ అబ్బాయి వాళ్ళ వైపు ఆ ఫైలు ఎక్కించే పేజీ ఒకటి పెట్టించాడు. డీఎంఎస్ కంపెనీ పైపుకీ దీనికీ సంబంధం లేదు. కాకపోతే దానంతట అది వెళ్ళదు, పొద్దున్నే ఒక మనిషి దించాలి, ఎక్కించాలి.

ఆ పని సర్వీస్ క్యాషియర్ ఆవిడ తీసుకుంది. 2023లో, ఇంత సాఫ్ట్‌వేర్ ఉన్న చోట, పొద్దున్న 7:15కి కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఒక మనిషి ఫైలు దించి ఎక్కిస్తోంది. మొదటి రోజు పక్కన నిలబడి చూశాను, నలభై సెకన్లు పట్టింది.

జూన్ రెండో వారంలో మొదలైంది. మొదటి మూడు రోజులు అపాయింట్‌మెంట్ మెసేజ్‌లు గంట ముందు రావలసినవి రెండు గంటల ముందు వెళ్ళాయి, ఎందుకంటే వెండర్ వాళ్ళు మమ్మల్ని డెన్వర్ టైములో పెట్టారు. అరిజోనాలో ఎండాకాలం గడియారాలు ముందుకు జరపరు, ఆ సంగతి చాలామందికి గుర్తుండదు. పొద్దున్న ఏడింటి అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళకి ఐదింటికి మెసేజ్ వెళితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాళ్ళు సరిచేశామన్నారు. ఎలా సరిచేశారంటే కాలిఫోర్నియా టైములో పెట్టారు, ఎండాకాలంలో రెండూ ఒకటే కాబట్టి అంతా బాగుంది, నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి జరిగాక గంట ముందు రావలసిన మెసేజ్ సరిగ్గా అపాయింట్‌మెంట్ టైముకి వచ్చింది. “ఫీనిక్స్ అనే విడిగా ఉంటుంది బ్రదర్, లిస్టులో కిందికి జరుపు” అని నేనే స్క్రీన్ షేర్ చేసి చూపించాను.

ట్రక్కు మెసేజ్‌లు మాత్రం ఆగాయి. పెద్దాయన ఆ శరదృతువులో కొత్త బండిని సర్వీసుకి తెచ్చినప్పుడు మా మేనేజర్ నన్ను పిలిచి పరిచయం చేశాడు. మెసేజ్ సరైన బండికే వచ్చిందా అని అడిగితే, వచ్చింది గానీ తను మెసేజ్‌లు చూసుకోనని, వాళ్ళావిడ చెబితే వచ్చానని అన్నాడు.

2024 జూన్ 19న సీడీకే మీద సైబర్ దాడి జరిగింది. దాదాపు 15,000 డీలర్ షోరూంలు వాడే సిస్టమ్ ఆగిపోయింది, ఎక్కడికక్కడ కాగితాల మీద డీల్స్ రాసుకున్నారు, మామూలయ్యేసరికి జూలై వచ్చింది. మాది ఆ సిస్టమ్ కాదు, అయినా ఆ రోజు మధ్యాహ్నం జీఎం నా గదికి వచ్చాడు. మన డేటా ఎవరెవరి దగ్గరుందో ఆ షీట్ ఒకసారి చూపించు అన్నాడు. సంతోషంగా తెరిచాను, ఏడాది క్రితం 14 ఉన్నవి తొమ్మిదికి తగ్గించిన షీట్ అది. తొమ్మిది పేర్లు. పక్కనే పోర్టల్ తెరిచి చూస్తే 11.

మూడో షోరూంలో సేల్స్ మేనేజర్ చాట్ టూల్ ఒకటి, డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చేసేది ఒకటి కొత్తగా తీసుకున్నాడట. రెండిటికీ డీల్ ప్యాకేజీ మొత్తం వెళ్తోంది. నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, “నీకు చెబితే 38 ప్రశ్నలంటావని” అన్నాడు.

ఇద్దరికీ అదే రోజు ఫారం పంపాను. ఒకళ్ళ దగ్గర్నుంచి వారంలో జవాబులొచ్చాయి, 38కి 38. రెండోవాళ్ళు మాత్రం, ఇప్పటిదాకా మమ్మల్ని ఏ డీలరూ ఇవన్నీ అడగలేదని రాశారు.